గ్రూసమ్ అనే మాటకి ఇద్దరు సాక్షులు

నిఘంటువు ఆఫీసులో ఆవిడని అందరూ చీటీలమ్మ అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు లేకపోలేదు గానీ అది హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. సంచిలో, సొరుగులో, చివరికి టిఫిన్ డబ్బా మూత కింద కూడా అరచేతి వెడల్పు చీటీలు దాచుకుని తిరిగే మనిషికి వేరే పేరు అతకదు మరి.

ఇంగ్లీషు మాటలకి తెలుగు అర్థాలు చెప్పే నిఘంటువు వేస్తుంది ఆ ఆఫీసు. దాని సంపాదకుడు పెద్దాయన. డెబ్బై దాటి నడుం వంగింది గానీ పట్టుదల మాత్రం ఇసుమంత వంగలేదు. కొత్త కూర్పు మొదలుపెట్టిన రోజునే ఆయన ఒక నియమం పెట్టాడు. పాత నిఘంటువులు ముందేసుకుని అర్థాలు ఎత్తి రాయకూడదు. మాటని వాడినవాడు ఒకడు, ఆ మాట దేని గురించి చెబుతుందో దానితో రోజూ పనిచేసేవాడు ఇంకొకడు, ఇద్దరినీ వెతికి పట్టుకోవాలి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు చీటీ మీద రాసి, కింద సంతకం పెట్టించుకు రావాలి. ఇద్దరు సాక్షులు లేని మాటని గడప తొక్కనివ్వనంటాడు పెద్దాయన. 'స్లిపరీ' కోసం చేపల మార్కెట్టుకి వెళ్ళిన ఉద్యోగి ఒకాయన అక్కడే జారిపడి కాలికి కట్టుతో తిరిగొస్తే, కట్టు కట్టిన డాక్టరు సంతకం కూడా పట్టుకొచ్చావా అని అడిగిన మనిషి ఆయన. పిచ్చి అనేవాళ్ళు అన్నారు. చీటీలమ్మకి మాత్రం ఆ పిచ్చి అంటే ప్రాణం. చెయ్యి పెట్టి తడిమి చూడకుండా మాటకి వెల కట్టకూడదన్నది ఆమెకి దేవుడి మాట కంటే ఎక్కువ.

అలాంటి చీటీలమ్మ మూడు వారాలుగా ఒక్క చీటీని కట్ట అడుక్కి నెడుతూ వస్తోంది. పైకి వచ్చినప్పుడల్లా మళ్ళీ అడుక్కి. దాని మీద ఉన్న మాట 'గ్రూసమ్'.

అడుక్కి నెట్టినంత మాత్రాన మాట ఊరుకుంటుందా? ఇంట్లో ఆ మాటే వాళ్ళ నాన్నని ఊరంతా తిప్పుతోంది.

నాన్నది గడియారాలు బాగుచేసే షాపు. ఆయన పక్క స్టూలు మీద కూర్చుని అదే పని చేసేవాడు చీటీలమ్మ తమ్ముడు. ఏడాదిన్నర కిందట వంతెన మీద అతని బైకుని లారీ గుద్దింది. శవాన్ని గుర్తుపట్టడానికి చీటీలమ్మ భర్త వెళ్ళాడు. ఒక్క క్షణం చూసి, సంతకం పెట్టి, బయటికొచ్చి గోడకి ఆనుకుని, "మీరు చూడొద్దు మావయ్యా, చూడలేరు" అన్నాడు. తర్వాత నాన్న చూసింది తల నుంచి కాళ్ళ దాకా తెల్లగుడ్డ చుట్టిన ఒక పొడుగాటి మూటని మాత్రమే.

మర్నాడు ఇంగ్లీషు పేపర్లో వార్త వచ్చింది. నాన్నకి ఇంగ్లీషు, గడియారాల మీద పేర్లు చదివేంత వరకే వచ్చు. అయినా కూడబలుక్కుని చదివాడు. యాక్సిడెంట్ అన్న మాటకి ముందు తెలియని మాట ఒకటి కనిపించింది. కూతురు పనిచేసిన నిఘంటువు షాపులోనే ఉంది, గర్వంగా గాజు బీరువాలో పెట్టుకున్నదే. తీసి చూశాడు. 'గ్రూసమ్: భీకరమైన, చూడలేని, గుర్తుపట్టలేనంతగా ఛిద్రమైన.'

ఆ చివరి ముక్క దగ్గర ఆయన ఆగిపోయాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

గుర్తుపట్టలేనంతగా ఉంటే అల్లుడు ఎలా గుర్తుపట్టాడు? చొక్కా చూసి, అన్నాడు అల్లుడు నీళ్ళు నములుతూ. అలాంటి చొక్కాలు బజారులో వందున్నాయి. బైకు వాడిదే, నిజమే, కానీ ఆ బైకు అడిగినవాడికల్లా ఇచ్చే ధర్మాత్ముడు వాడు. చేతికి వాచీ చూద్దామా అంటే, పొద్దస్తమానం వాచీలతో చచ్చేవాడికి మళ్ళీ మణికట్టు మీద ఒకటెందుకని పెట్టుకునేవాడే కాదు. అంటే పోయింది ఇంకెవరో. మనవాడు తలకి దెబ్బ తగిలి, పేరు మర్చిపోయి, ఏ ఆసుపత్రి మంచం మీదో ఉన్నాడు. అంతే.

ఇదీ నాన్న లెక్క. ఆదివారం వస్తే చాలు, కాలికి బలపం కట్టుకున్నట్టు ఒక్కో ఊరి ఆసుపత్రికి పోయి, పేరు తెలియని రోగులున్న వార్డుల్లో మంచం మంచానికీ తిరుగుతాడు. చొక్కా జేబులో కొడుకు ఫొటో. ఆ ఫొటోని గోడకి పెడదామని ఒకసారి చీటీలమ్మ అంటే, రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. రెండు నెలల కిందట బస్టాపులో కళ్ళు తిరిగి పడిపోయాడు. గుండె బలహీనంగా ఉంది, తిరగడం మానకపోతే ఎక్కడో రోడ్డు మీదే పోతారని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. ఆ వచ్చే ఆదివారమే ఇంకో ఊరు వెళ్ళాడు.

"మనసు సరిపెట్టుకో నాన్నా" అని చీటీలమ్మ అంటే, ఆయన బీరువాలోంచి పుస్తకం తీసి, పెన్సిల్‌తో గీత గీసిన చోటు చూపించేవాడు.

"ఇది మీ ఆఫీసు పుస్తకమేనా, కాదా?"

"మాదే."

"తప్పులుండవు అంటావుగా ఎప్పుడూ."

అక్కడికి ఆమె పుస్తకం మూసి బీరువాలో పెట్టేసేది. ఎందుకంటే ఆ అర్థం రాసింది ఆమే. ఏడేళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెద్దాయన నియమం ఇంకా పుట్టక ముందు, ఏదో పేపర్లో 'గ్రూసమ్' పక్కనే 'గుర్తుపట్టలేని శవం' అని కనిపిస్తే రెండూ ఒకటే అనుకుని, ఎక్కడ పని తెలియదంటారోనని ఒక ముక్క ఎక్కువే రాసింది. ఆ రోజు తెలివి చూపించుకోవడానికి అతికించిన ముక్క ఈ రోజు కన్నతండ్రిని ఆదివారం ఆదివారం చంపుతోంది. ఈ సంగతి ఆయనకి చెప్పలేదు. చెప్పినా ఏం లాభం? నన్ను ఊరుకోబెట్టడానికి నీ రాతని నువ్వే కాదంటున్నావు అనడూ?

ఆఖరికి ఒక రోజు చీటీ పట్టుకుని పెద్దాయన ముందు నిలబడి, జరిగిందంతా చెప్పేసింది. పెద్దాయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"తప్పు రాశావు, దిద్దుదువుగాని. కానీ దిద్దడానికి నీ మాట పనికిరాదు. నాకూ పనికిరాదు, మీ నాన్నకీ పనికిరాదు. ఇద్దరు సాక్షుల్ని తీసుకురా."

"ఎవరిని అడగమంటారు సార్?"

"నీకు తెలుసు."

తెలుసు. తెలిసే కదా మూడు వారాలు అడుక్కి నెట్టింది.

మొదటివాడు, ఆ వార్త రాసిన విలేకరి. టీ కప్పులూ పాత పేపర్లూ పేరుకున్న బల్ల వెనక, ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో బిస్కెట్టు పట్టుకుని ఉన్నాడు. ఆమె ఎవరో చెప్పగానే రెండూ కింద పెట్టాడు.

"నేను చూళ్ళేదండీ" అన్నాడు చివరికి. "పోలీసులు తాడు కట్టేశారు. ఇవతల నిలబడ్డాను. లారీ చక్రం ఒకటి, చెప్పు ఒకటి కనిపించాయి."

"మరి గ్రూసమ్ అని రాశారు?"

"ఆ చెప్పు చూస్తే ఒళ్ళు జలదరించిందండీ. రాసేశాను. నిజంగా దగ్గరికెళ్ళి చూసుంటే ఆ మాట రాసేవాణ్ణి కాదేమో. ఏం చూశానో అది రాసేవాణ్ణి."

అదే చీటీ మీద రాసింది. అతను తల వంచుకుని సంతకం పెట్టాడు. అతని మీద కోపం తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా ఆమెకి రాలేదు. తానూ అలాగే తాడు ఇవతల నిలబడి రాసిన మనిషే కదా.

రెండో సాక్షి ఆసుపత్రి వెనక, దుప్పట్లు ఉతికే షెడ్డు దాటాక, మార్చురీలో ఉంటాడు. పోస్ట్‌మార్టం అయిపోయి డాక్టర్లు చేతులు కడుక్కుని వెళ్ళాక శవాన్ని మళ్ళీ కుట్టి, కడిగి, ఇంటివాళ్ళకి అప్పజెప్పే మనిషి. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని మాస్టర్ అంటారు. మొదట్లో దర్జీ మాస్టర్ అని వెక్కిరింపుగా పెట్టిన పేరట. వెక్కిరించినవాళ్ళ ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు పోకుండా ఉండరు కదా, వాళ్ళని ఆయన సాగనంపిన తీరు చూశాక అదే పేరు గౌరవంగా మారింది.

పొద్దున పదకొండింటికి వెళ్ళింది. గుమ్మం దగ్గరికి రాగానే కాళ్ళు ఆగిపోయాయి. లోపల ఆమె అనుకున్నదేదీ లేదు. కడిగిన నేల, ఖాళీ రాతిబల్ల, ఫినాయిల్ వాసన, కిటికీలోంచి పడుతున్న ఎండ. మూల చిన్న బల్ల దగ్గర అరవై ఏళ్ళ బక్కపలచటి మనిషి సూదిలోకి దారం ఎక్కించడానికి తంటాలు పడుతున్నాడు. ఎక్కడం లేదు. ఆమె వెళ్ళి ఎక్కించి ఇచ్చింది.

"చల్లగా ఉండమ్మా. చెయ్యి బాగానే ఉంది, కళ్ళే మాట వినడం లేదు" అన్నాడు. ఆ బల్ల మీద రెండు రకాల దారాలున్నాయి. ఒకటి గోనెసంచులు కుట్టేంత మందంగా ఉంది. ఇంకోటి పట్టుదారం, తల వెంట్రుకంత సన్నం.

"ఈ మందంది ఆసుపత్రి ఇస్తుంది, ఒంటికి. ఈ సన్నంది నేనే తెచ్చుకుంటాను, ముఖానికి" అన్నాడు ఆమె చూపు పట్టుకుని. "ముఖమే కదమ్మా ఇంటికెళ్ళేది. మిగతాదంతా గుడ్డలోనేగా."

చీటీలమ్మ తన పని చెప్పింది, నిఘంటువు పని మాత్రమే. ఆ మాట ఎప్పుడైనా విన్నారా అని అడిగింది.

"వినకేం? కుర్ర డాక్టర్లు మొదటి రోజు వచ్చినప్పుడు అదే అంటారు, గుమ్మం దగ్గర నిలబడి. మూడో రోజుకి మానేస్తారు."

"మానేసి ఏమంటారు?"

"ఎడమ దవడ మీద రెండంగుళాల గాటు అంటారు. కుడి చెవి వెనక వాపు అంటారు. లోపలికొచ్చి చూశాక ఇక ఆ మాటతో పనుండదమ్మా. అది చూసేవాడి సంగతి చెప్పే మాట. బల్ల మీద మనిషి సంగతి చెప్పేది కాదు."

నలభై ఏళ్ళు పుస్తకాలతో కుస్తీ పట్టిన పెద్దాయన వింటే లేచి నిలబడి దణ్ణం పెట్టే మాట అది. ఆమె దాన్ని అక్షరం పోకుండా చీటీ మీద రాసింది. ఆ తర్వాత, ఇక దాచలేక, తేదీ చెప్పింది, వంతెన మీద లారీ అని చెప్పింది, తమ్ముడని, తన భర్తే వచ్చి గుర్తుపట్టాడని చెప్పింది. మాస్టర్ సూది కింద పెట్టాడు.

"తేదీలు నాకు గుర్తుండవమ్మా. పేర్లు అసలుండవు. పని గుర్తుంటుంది" అన్నాడు. కాసేపు కిటికీ వైపు చూశాడు. "లారీ అన్నావు కదూ. చొక్కాకి సన్నటి నూనె వాసన. వంటనూనె కాదు, మెషిన్ నూనె కాదు. ఆ అబ్బాయేనా?"

వాచీల్లో వేసే నూనె అది. ఆమె తలూపింది.

"అయితే గుర్తులేకేం? ఆ అబ్బాయి ముఖానికి ఏమీ కాలేదమ్మా. నెత్తురూ మట్టీ అంటుకుని, మీ ఆయన చూసినప్పుడు భయంగా ఉండుంటుంది. కడిగితే అంతా పోయింది. ఒకటే గాటు, దవడ మీంచి గడ్డం కిందకి. అది కుడదామని తల వెనక్కి వంచి చూస్తే, గడ్డం కింద పాత కుట్లు కనిపించాయి. మూడు."

చీటీలమ్మ రాస్తూనే ఉంది. అడగలేదు, అందించలేదు. సాక్షి నోట్లో మాట పెట్టకూడదన్నది ఆఫీసు నియమం.

"చిన్నప్పుడెప్పుడో వేసినవి. మచ్చే మిగిలింది, చుక్కలు కనిపిస్తున్నాయి. డాక్టరు వేసినవి కావు, డాక్టర్లు అంత దగ్గరగా వెయ్యరు. దర్జీ అంతకన్నా కాదు. ఆవగింజంత ఎడం, కొలిచినట్టుంది. బాగా సన్నపని చేసే చెయ్యి ఎవరిదో. మధ్య కుట్టు ఒక్కటే కొంచెం పక్కకి పోయింది, వంకరగా. ఇంత పనిమంతుడికి అక్కడ చెయ్యెందుకు అదిరిందా అని చాలాసేపు ఆలోచించాను." మాస్టర్ తన వేలితో తన గడ్డం కింద చూపించుకున్నాడు. "కొత్త గాటు సరిగ్గా దాని పక్కదాకా వచ్చి ఆగింది. దాన్ని కలుపుకుని కుట్టేస్తే నాకు సులువే. కానీ ఎవరి పని వాళ్ళదమ్మా. ఆ మూడింటినీ కదపకుండా పక్కనుంచి తిప్పి కుట్టాను. పదకొండు పడ్డాయి, పట్టుదారంతో. పడుకోబెడితే కనిపించవు."

ఆమెకి ఏడుపు ఆగలేదు. ఆయన ఆపమనలేదు. గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చి, తన పని తాను చూసుకున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకున్నాక మాత్రం, ఏదో తప్పు చేసినవాడిలా అడిగాడు.

"ముఖం తెరిచే ఇచ్చానమ్మా నేను. బయట మీవాళ్ళెవరో పైనుంచి ఇంకో గుడ్డ చుట్టేశారు. దానికి ముందు, పాపిడి ఎటు తీసేవాడో అడుగుదామని వచ్చాను. అందరూ ఏడుస్తున్నారు, అడగలేకపోయాను. జుట్టు ఎటు పడుతోందో చూసి ఎడమ పక్కకి దువ్వాను. సరిగ్గానే దువ్వానా?"

ఏడాదిన్నర నుంచి ఆ సందేహం మోస్తున్నాడు ఆ మనిషి, ఎవరూ కనీసం చూడనైనా చూడని పాపిడి కోసం. చీటీలమ్మ ఆఫీసులో గొప్పవాళ్ళని చూసింది. ఇంతటివాడిని మాత్రం చూడలేదు.

"ఎడమేనండీ మాస్టర్‌గారూ" అంది.

చీటీ కింద ఆయన సంతకం తీసుకుని, అటునుంచి అటే నాన్న షాపుకి వెళ్ళింది. మధ్యాహ్నం ఎండకి బజారు పలచబడింది. నాన్న ఒక పాత గోడగడియారం విప్పి పళ్ళచక్రాలు గుడ్డ మీద పరిచాడు. పక్కన కొడుకు స్టూలు, దాని మీద కొడుకు కంటికి పెట్టుకునే భూతద్దం. ఆమె ఆ స్టూలు మీద కాకుండా నేల మీద కూర్చుంది.

"నాన్నా, ఆ అర్థం రాసింది నేనే. తప్పు రాశాను. గుర్తుపట్టలేనంతగా అన్నది ఆ మాటలో లేదు, నేను అతికించాను."

నాన్న తల ఎత్తలేదు. "నన్ను ఆపడానికి చెబుతున్నావు" అన్నాడు, ఆమె అనుకున్నట్టే.

అప్పుడు రెండు చీటీలు తీసి, గుడ్డ మీద చక్రాల పక్కన పెట్టింది. మొదటిది చదివి వినిపించింది. ఆయన పట్టించుకోలేదు. రెండోది చదవడం మొదలుపెట్టింది. నూనె వాసన దగ్గర ఆయన చెయ్యి ఆగింది. గడ్డం కింద మూడు కుట్లు అనగానే చిమటా కింద పడింది.

ఆ రోజు సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తమ్ముడికి నాలుగేళ్ళు. షాపులో ఆడుకుంటూ బల్ల అంచు మీద పడ్డాడు. ముసురు పట్టి వీధులు మునిగాయి, డాక్టరు దొరకలేదు, నెత్తురు ఆగలేదు. నాన్న సూదీ పట్టుదారమూ మరిగించి, వాచీలు విప్పే చిమటాతో తానే కుట్టాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

"మధ్యది వంకరగా ఉందన్నాడా?"

"అన్నాడు. ఇంత పనిమంతుడికి అక్కడ చెయ్యెందుకు అదిరిందా అని ఆలోచించాడట."

నాన్న కిందపడ్డ చిమటా తీసి గుడ్డ మీద పెట్టాడు. తర్వాత, చక్రాల మీద నుంచి చూపు తీయకుండా చెప్పాడు.

"మొదటి కుట్టుకి గట్టిగా ఏడ్చాడు. రెండోదానికి ఏడుపు ఆపేసి నా మొహంలోకి చూశాడమ్మా. అంతే. అక్కడ అదిరింది."

ఆ తర్వాత ఆయన ఏడ్చాడు. ఏడాదిన్నరగా దాచుకున్నదంతా, షాపు తలుపులు బార్లా తెరిచి ఉండగానే. చీటీలమ్మ ఆయన మోకాలి మీద తల పెట్టి తానూ ఏడ్చింది. గడియారం ఇవ్వడానికి వచ్చిన ఒకాయన గుమ్మంలోనే నిలబడి, చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

పెద్దాయన రెండు చీటీలూ చదివి, కొత్త అర్థం కింద తన పొడి అక్షరాలు వేశాడు. 'గ్రూసమ్: (చూసేవాడికి) ఒళ్ళు జలదరింపజేసే.' మిగతా మాటలకి లేని కుండలీకరణం ఒకటి పడింది, ఉండనీ అన్నాడు.

ఆదివారం పొద్దున్నే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచి తగిలించుకుని బయల్దేరాడు. చీటీలమ్మ పరుగున గుమ్మంలోకి వచ్చింది.

"ఏ ఊరు నాన్నా?"

"ఊరేమిటి, ఇక్కడే. మాస్టర్‌గారికి సూది కన్ను కనబడటం లేదన్నావుగా." సంచి తెరిచి చూపించాడు. కొడుకు భూతద్దం, తలకి పెట్టుకునే తీగతో సహా, మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది. "తీగ కొంచెం వదులు చేశాను. ఆయన తల కొలత నాకు తెలియదు కదా, అక్కడ కూర్చుని సరిచేస్తాను. ఆ పదకొండు కుట్లు ఎలా తిప్పాడో కూడా అడగాలి."

రెండు మెట్లు దిగి ఆగాడు. చొక్కా జేబులోంచి ఫొటో తీసి, మడత పడ్డ మూలని బొటనవేలితో సాపు చేసి, ఆమె చేతికిచ్చాడు.

"ఫ్రేము కట్టించు" అన్నాడు. "చూడు, పాపిడి ఎడమ పక్కకే ఉంది."